హిందూపురం–గౌరీబిదనూరు రోడ్డు: మన సంఘం వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

హిందూపురం నుంచి గౌరీబిదనూరు పాతిక కిలోమీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. తూమకుంట దాటామంటే కర్ణాటక. అక్కడి నుంచి ఇదే రోడ్డు ఆ రాష్ట్ర 9వ నంబరు రహదారిగా దొడ్డబళ్లాపురం మీదుగా యలహంక దాకా పోతుంది. 2017 జూలైలో జీఎస్టీ వచ్చాక సరుకు లారీలకు పన్నుల తనిఖీ బాధ తప్పింది. ఫైళ్లకు మాత్రం హద్దు ఇంకా అడ్డం వస్తూనే ఉంది.

ఈ ఏడాది మన తిరుగుడంతా హద్దు దగ్గరి అతుకు కోసమే. అటువైపు కొత్త తారు వేసినవాళ్లు తమ హద్దు దాకా వేసి ఆపేశారు. ఇటు పాత తారు. మధ్యలో రెండు వేళ్ల ఎత్తు మెట్టు మిగిలింది. వాన పడితే దాని పక్కన నీళ్లు నిలిచి ఆ మెట్టు కనబడదు. చింతపండు మూటలతో పోయే లారీ అక్కడ సడన్‌గా బ్రేకు వేస్తే, వెనక బైకు మీద వచ్చేవాడి గతి దేవుడికెరుక. ఇటు ఆఫీసులో అడిగితే "అది వాళ్లది సార్", అటు అడిగితే "అదు నమ్దల్ల సార్" (అది మాది కాదు సార్). చివరికి హద్దురాయి దగ్గర టేపు పెట్టి కొలిచి, ఫొటోలు తీసి, తెలుగులో ఒక అర్జీ, కన్నడలో ఒక అర్జీ రాసి రెండుచోట్లా ఇచ్చాం. ఇద్దరినీ ఒకే రోజు అక్కడికి రప్పించేసరికి నెలలు గడిచాయి. ఇప్పుడు మెట్టును వాలుగా సరిచేశారు. పక్క కాలువ మాత్రం తీయలేదు. వచ్చే వానలకు మళ్లీ గుంత పడుతుందనే మా అనుమానం.

ఇక బస్సులు. ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణ పథకాలు కర్ణాటకలో 2023 జూన్ నుంచి శక్తి పేరుతో, మన దగ్గర 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పేరుతో ఉన్నాయి. స్త్రీశక్తి అంతర్రాష్ట్ర బస్సులకు వర్తించదు. పుట్టపర్తికి ఉచితంగా పోయిరాగల ఆడమనిషి, అంతకన్నా ఎంతో దగ్గరున్న గౌరీబిదనూరుకు గార్మెంట్స్ డ్యూటీకి పోవాలంటే ఆ బస్సులో టికెట్టు కొనాల్సిందే. సరిహద్దు మండలాలకైనా సడలింపు ఇవ్వాలని వినతిపత్రం పంపాం. జవాబు లేదు. ఇది రోడ్డు సంఘం చూడాల్సిన పని కాదని కొందరు సభ్యులు అన్నారు. కార్యవర్గం ఒప్పుకోలేదు, మళ్లీ రాస్తున్నాం.

విదురాశ్వత్థం మలుపు దగ్గర మన ఖర్చుతో రెండు భాషల్లో బోర్డు పెట్టాం. నాగప్రతిష్ఠలకు ఇటునుంచి పోయేవాళ్లు చాలామంది. 1938 ఏప్రిల్ 25న జెండా సత్యాగ్రహం మీద పోలీసులు కాల్పులు జరిపిన ఊరూ అదే కాబట్టి అక్కడి స్మారకం వీరసౌధం చూడటానికి పిల్లల బస్సులూ వస్తుంటాయి. మలుపు దాటిపోయి మెయిన్ రోడ్డు మీదే రివర్స్ తీస్తుంటే చూసేవాళ్లకే టెన్షన్. వారం తిరక్కముందే బోర్డు మీద ఎవరో ట్యూషన్ పోస్టరు అంటించారు. పీకేశాం.

ఆడిట్ చేయించిన లెక్కలు జతపరిచాం. జిరాక్సుల ఖర్చు చూసి కంగారు పడొద్దు, రెండు రాష్ట్రాలతో పని కనుక ప్రతి కాగితం రెండేసి. చందా బాకీ ఉన్నవాళ్లు సర్వసభ్య సమావేశం రోజున కోశాధికారికి కట్టి రసీదు తీసుకోగలరు. ఆ రోజు మొదటి అంశం కాలువే.

– కార్యదర్శి