పాపికొండల బోట్లలో కొండరెడ్లకు వాటా ఏది?

సంపాదకులకు నమస్కారం.

పాపికొండల విహారయాత్ర మాట వస్తే లైసెన్సులు, లైఫ్ జాకెట్లు, టికెట్ ధర గురించి మాట్లాడతాం. ఆ గోదారి ఒడ్డునే తరతరాలుగా బతుకుతున్న కొండరెడ్లు అనే గిరిజనులకు ఇందులో ఏం దక్కుతోందన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించదు.

ఆస్ట్రేలియాలో ఉంటున్న మా అమ్మాయి వాళ్లు నన్ను నిట్మిలుక్ నేషనల్ పార్కుకు తీసుకెళ్లారు. డార్విన్ నుంచి దక్షిణంగా మూడు వందల కిలోమీటర్లు దాటాక కేథరిన్ అనే ఊరు, అక్కణ్ణుంచి మరో 30 కిలోమీటర్లు. చెట్ల కింద టెంటు వేసుకున్నాం. వాలబీలనే చిన్న కంగారూలు మనుషులంటే బెదురు లేకుండా టెంట్ల మధ్యే మేస్తుంటాయి. కేథరిన్ నది ఇసుకరాతి కొండల్ని కోసుకుంటూ 13 గండ్లుగా పారుతుంది. ఒక గండి దాటగానే బండలు అడ్డం. పడవ దిగి, నడిచి, అవతల ఇంకో పడవ ఎక్కాలి. ఆ నడక దారిలో కొండరాళ్ల మీద జావోయిన్ ఆదివాసుల పూర్వీకులు వేసిన బొమ్మలున్నాయి. ఎంత ప్రశాంతంగా గడిచిందో ఆ రోజు!

ఆ పడవలు నడిపే సంస్థ కూడా జావోయిన్లదే. ఆ నేల తమదని వాళ్లు 1978లో దావా వేశారు. కేథరిన్‌లోని తెల్లవాళ్లు చాలామంది వ్యతిరేకించినా, 1989 సెప్టెంబర్ 10న భూమి వాళ్ల చేతికి వచ్చింది. వాళ్లు దాన్ని పార్కు కోసం తిరిగి ప్రభుత్వానికే లీజుకిచ్చారు. పార్కు బోర్డులో మెజారిటీ వాళ్లదే. దానివల్ల పర్యాటకులకు వచ్చిన ఇబ్బందేమీ నాకు కనబడలేదు. వానాకాలంలో ఉప్పునీటి మొసళ్లు గండ్లలోకి వస్తాయి కాబట్టి, వానలు వెలిశాక రేంజర్లు గాలించి, ప్రమాదం లేదని తేలాకే ఈతకు అనుమతిస్తారు.

మన దగ్గర? 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు మందం దగ్గర బోటు మునిగినప్పుడు నాటుపడవలేసుకుని వెళ్లి ప్రాణాలు కాపాడింది ఒడ్డునున్న గిరిజనులే. ఏ సుడి ఎక్కడుందో, వరద ఎంతుంటే బోటు కదలకూడదో వాళ్లకంటే ఎవరికి తెలుసు? అయినా పేరంటాలపల్లి రేవులో వాళ్లకు మిగిలింది వెదురు బొమ్మలు అమ్ముకోవడమే. ఏజెన్సీలో, అంటే గిరిజన ప్రాంతాల్లో, గిరిజనేతరులు భూమి కొనకుండా 1/70 చట్టం ఉంది. అదే నది మీద బోటు వ్యాపారానికి మాత్రం అలాంటి రక్షణ లేదు. పైగా పోలవరం ముంపు వల్ల వాళ్ల ఊళ్లే ఖాళీ అవుతున్నాయి. పునరావాస కాలనీలో ఇల్లిస్తే సరిపోదు. అడవి, నది పోయాక ఏం చేసి బతకాలి?

నిట్మిలుక్‌లో జరిగిందంతా ఇక్కడ వెంటనే జరగాలని నేను అనడం లేదు. రంపచోడవరం, చింతూరుల్లోని గిరిజనాభివృద్ధి సంస్థలు (ఐటీడీఏలు) కొండరెడ్ల సహకార సంఘాలకు బోట్లు కొనిచ్చి లైసెన్సులు ఇప్పించాలి. వాళ్ల యువతకు సరంగు, గైడు శిక్షణ ఇవ్వాలి. ప్రతి టికెట్‌లో కొంత ముంపు గ్రామాల గ్రామసభలకు చేరాలి. బోటు కదలాలా వద్దా అని తేల్చే కమిటీలో వాళ్ల మనుషులుండాలి. వరదలు తగ్గి బోట్లకు మళ్లీ అనుమతులిచ్చే ముందే ఈ నిర్ణయాలు జరగాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

— ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం