మా అమ్మను కంటికి రెప్పలా కాచిన న్యూరో ఐసీయూ సిబ్బందికి కృతజ్ఞతలు

మా అమ్మకు మెదడు చుట్టూ రక్తస్రావమై మూడు నెలలు దాటింది. నెల రోజులకు పైగా ఆసుపత్రిలో ఉండి ఇంటికి వచ్చిన ఆమె ఇప్పుడు ఎవరి సాయమూ లేకుండా నడుస్తున్నది, మాట తడబడకుండా మాట్లాడుతున్నది. అన్ని రోజులూ ఆమెను చూసుకున్న వైద్యులకు, సిస్టర్లకు, ల్యాబ్‌లో పనిచేసేవారికి, డైటీషియన్ గారికి మా కుటుంబం తరఫున నమస్కరిస్తూ ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని వారు కోరారు కనుక రాయడం లేదు. అయితే ఎవరు ఏమి చేశారో మాత్రం వివరంగా చెప్పాలని ఉంది. ఎందుకంటే వారు అమ్మకు వైద్యం చేయడమే కాక, జరుగుతున్నదేమిటో మాకు ఓపికగా, అర్థమయ్యేలా చెప్పారు. ఆ రెండో పని ఎంత పెద్ద ఉపకారమో అనుభవించిన వారికే తెలుస్తుంది.

ఆ రోజు సాయంత్రం అమ్మ బట్టలు మడత పెడుతూ ఉన్నట్టుండి తల పట్టుకుని కూర్చుండిపోయింది. ఎమర్జెన్సీలో ఉన్న యువ వైద్యురాలు మమ్మల్ని అడిగిన మొదటి ప్రశ్న నొప్పి ఎంత ఎక్కువగా ఉన్నదని కాదు, మొదలైన ఎంతసేపటికి భరించలేనంతగా మారిందని. క్షణాల్లోనే అని అమ్మ చెప్పగానే ఆమె మరో మాట లేకుండా సీటీ స్కాన్‌కు పంపారు. మెదడును కప్పి ఉండే పొరల మధ్య రక్తం చేరిందనీ, ఎడమ వైపు రక్తనాళం మీద బుడగలా ఉబ్బిన భాగం చిట్లిందనీ, అది మళ్లీ చిట్లే ప్రమాదం మొదటి 24 గంటల్లోనే అన్నిటికంటే ఎక్కువనీ ఆ రాత్రే మాకు తెలిసింది. మర్నాడు ఉదయం గజ్జ దగ్గరి రక్తనాళం గుండా సన్నని గొట్టం పంపి, ప్లాటినం తీగ చుట్టలతో ఆ బుడగను మూసేశారు.

గండం గడిచిందనుకుని మేము ఊపిరి పీల్చుకున్నాము. పెద్ద డాక్టర్ గారు మమ్మల్ని పక్కన కూర్చోబెట్టి, మూసింది రంధ్రాన్ని మాత్రమేననీ, బయటికి వచ్చిన రక్తం ఇంకా మెదడు చుట్టూనే ఉన్నదనీ చెప్పారు. ఆ రక్తం విచ్ఛిన్నమయ్యేటప్పుడు ఎర్ర కణాల్లోని హిమోగ్లోబిన్ బయటపడి, చుట్టుపక్కల కణాల పొరల్లో ఉండే కొవ్వులను ఆక్సీకరణకు గురిచేస్తుందట. రక్తనాళాలు బిగుసుకుపోవడానికి ఉన్న కారణాల్లో అదీ ఒకటని ఆయన వివరించారు. నాలుగో రోజు నుంచి పద్నాలుగో రోజు వరకు ఆ భయం ఎక్కువగా ఉంటుందనీ, రక్తంలో సోడియం పడిపోవడం, మెదడులో నీరు చేరడం, మూర్ఛలు రావడం వంటివి కూడా ఈ రోజుల్లోనే చూడవలసి వస్తుందనీ ముందుగానే చెప్పి ఉంచారు. ఆ మాటలు ముందే విని ఉండకపోతే తర్వాత జరిగినవాటికి మేము కుప్పకూలిపోయేవాళ్లం.

అమ్మ అప్పుడు వెంటిలేటర్ మీద ఉన్నది. ఐదో రోజు ఉదయం తీసిన రక్తాన్ని ల్యాబ్‌లో యంత్రంలో పెట్టి వేగంగా తిప్పి చూస్తే, పైన తేరుకోవలసిన పసుపు రంగు సీరం పాలు కలిపినట్టు తెల్లగా కనిపించింది. అక్కడి టెక్నీషియన్ గారు రిపోర్టు ముద్రించి పంపి ఊరుకోకుండా, స్వయంగా ఐసీయూకు ఫోన్ చేసి, ఈ నమూనా ఇలా ఉన్నది, రోగికి ఏ మందు ఎక్కుతున్నదని అడిగారు. రక్తంలో ఉండే ఒక రకం కొవ్వులైన ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండవలసినవి 600 దాటాయి. కాగితంలో ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్టరాల్ అంటారే, అది) ఎదురుగా అంకె లేదు, ఖాళీగా వదిలేశారు. అంకె కూడా వేయలేనంతగా కొలెస్టరాల్ పెరిగిపోయిందేమోనని మా అన్నయ్య వణికిపోయాడు. అసలు సంగతి అది కాదు. చాలా ల్యాబ్‌లలో ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవరు, మిగతా అంకెల నుంచి లెక్కగడతారు. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఆ లెక్క చెల్లదు కాబట్టి ఖాళీగా ఉంచడమే సరైన పద్ధతి.

కొవ్వు ఎక్కడి నుంచి వచ్చిందో సిస్టర్ గారు సెలైన్ స్టాండు వైపు చూపించి చెప్పారు. అమ్మ కదలకుండా నిద్రలో ఉండటానికి ఎక్కిస్తున్న ప్రొపోఫాల్ అనే మందు తెల్లగా పాలలా ఉంటుంది. అది కొవ్వు ద్రవంలో కలిపి తయారుచేసిన మందు, ఒక్కొక్క మిల్లీలీటరులోనూ 0.1 గ్రాము కొవ్వు ఉంటుంది. రోజంతా ఎక్కుతున్నప్పుడు అది ఒక ఆహారంతో సమానం. అదే రోజు మత్తుమందును మార్చారు. ట్రైగ్లిజరైడ్లు మరీ పెరిగితే క్లోమం వాచే ప్రమాదం ఉన్నందున దానికి సంబంధించిన పరీక్షలు కూడా చేయించారు. డైటీషియన్ గారు ముక్కు గొట్టం ద్వారా ఇచ్చే ఆహారంలో ఎన్ని క్యాలరీలు ఉన్నాయో, మందు ద్వారా ఎన్ని వెళ్లాయో కాగితం మీద కూడి మాకు చూపించారు. మూడు రోజుల్లో అంకె 200 దగ్గరికి దిగింది. ఒక ఫోన్ కాల్‌తో మొదలైన జాగ్రత్త ఇది. ఆ టెక్నీషియన్ గారిని మేము ఇప్పటివరకు కళ్లారా చూడలేదు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. కొవ్వు పెరిగిందన్న మాట చెవిన పడగానే మేమంతా మమ్మల్నే నిందించుకున్నాము. వంట చేసేది నేనే కనుక, నా చేతి వంటే అమ్మను ఈ స్థితికి తెచ్చిందని రెండు రాత్రులు ఏడ్చాను. డాక్టర్ గారు అది గమనించి, రౌండ్స్ అయిపోయాక మళ్లీ వచ్చి కూర్చున్నారు. ఈ బుడగలు చిట్లడానికి అధిక రక్తపోటు, పొగతాగడం, కుటుంబంలో ఇంతకుముందు ఎవరికైనా వచ్చి ఉండటం వంటివి స్పష్టంగా తెలిసిన కారణాలనీ, కొలెస్టరాల్ విషయంలో అంత గట్టి ఆధారం లేదనీ, "మీరు పెట్టిన తిండి వల్ల ఇది జరిగిందని నేను అనను, మీరూ అనుకోవద్దమ్మా" అనీ చెప్పారు. ఆ మాట నా గుండె మీది బండను దించింది.

మా అన్నయ్యకు మరో పట్టుదల ఉండేది. కొలెస్టరాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు ఈ రక్తనాళాల బిగింపును ఆపుతాయని ఎక్కడో చదివి, వెంటనే మొదలుపెట్టమని పదే పదే అడిగాడు. డాక్టర్ గారు విసుక్కోలేదు. మొదట్లో జరిగిన చిన్న అధ్యయనాలు అలాంటి ఆశ కలిగించిన మాట నిజమేననీ, 2014లో వెలువడిన పెద్ద అధ్యయనంలో 803 మందిని తీసుకుని కొందరికి రోజుకు 40 మిల్లీగ్రాముల సిమ్వాస్టాటిన్, మిగతావారికి మందులేని మాత్ర ఇచ్చి ఆరు నెలల తర్వాత పోల్చి చూస్తే కోలుకోవడంలో తేడా కనిపించలేదనీ చెప్పారు. అంతకుముందు నుంచే వాడుతున్నవారైతే ఆపేవారు కాదట. పైగా ఇంత పెద్ద జబ్బు చేసినప్పుడు కొలెస్టరాల్ తాత్కాలికంగా తగ్గిపోతుంది కనుక, ఆ రోజుల్లో వచ్చిన అంకెను పట్టుకుని జీవితకాలం వాడే మందు నిర్ణయించడం తొందరపాటని, రెండు నెలలకు పరీక్ష చేయించమని డిశ్చార్జి కాగితంలో రాశారు. అడిగిన మందు రాసిచ్చి మమ్మల్ని పంపేయడం ఆయనకు ఎంతో సులువు. ఆ సులువైన పని చేయనందుకు ఆయనకు రుణపడి ఉంటాము.

నిజంగా మేలు చేస్తుందని తేలిన మందు నిమోడిపిన్. నాలుగు గంటలకొకసారి 60 మిల్లీగ్రాముల చొప్పున, రాత్రీ పగలూ, 21 రోజులు ఇవ్వాలి. ఒక రాత్రి రక్తపోటు పడిపోతే ఆపేయకుండా, రెండు గంటలకొకసారి 30 చొప్పున విడగొట్టి ఇచ్చారు. ప్రతి మోతాదుకు ముందు బీపీ చూసి, వేసిన సమయం రాసి, సంతకం పెట్టిన ఆ చార్టును నేను ఎన్నోసార్లు చదివాను. ఒక్క గడి కూడా ఖాళీగా లేదు.

తొమ్మిదో రోజుకు అమ్మ వెంటిలేటర్ నుంచి బయటపడి మాట్లాడుతున్నది. ఆ మధ్యాహ్నం సిస్టర్ గారు పెన్ను చూపించి ఇదేమిటని అడిగితే, "రాసేది" అని ఆగిపోయింది. మాకది అలసటలా అనిపించింది. సిస్టర్ గారికి అలా అనిపించలేదు. ఉదయం ఇదే పెన్నును పెన్ను అనే చెప్పింది కదా అంటూ వెంటనే డాక్టర్‌ను పిలిచారు. డాప్లర్ పరీక్షలో ఎడమ వైపు రక్తం వేగం సెకనుకు 200 సెంటీమీటర్లు దాటింది, సీటీ యాంజియోలో నాళం సన్నబడినట్టు కనిపించింది. రక్తపోటును మందులతో పెంచి, గంట గంటకూ చూస్తూ ఉంటే రాత్రి ఎనిమిదింటికి అమ్మ అదే పెన్నును చూసి సరైన పేరు చెప్పింది. ఆ ఒక్క మాట కోసం మంచం చుట్టూ ఆరుగురం నిలబడి ఉన్నాము.

ఫిజియోథెరపీ చేయించిన, తమ్ముడిలాంటి ఆ అబ్బాయికి, అర్ధరాత్రి ఫోన్ చేసినా ఎత్తిన సోడియం చూసే డాక్టర్ గారికి, పక్క మంచం వారి కుటుంబానికి కూడా మా నమస్కారాలు.

పోయిన వారం లిపిడ్ పరీక్ష చేయించాము. ఈసారి ఎల్‌డీఎల్ ఎదురుగా 142 అని అంకె పడింది, ట్రైగ్లిజరైడ్లు 138. మందు అవసరమా కాదా అన్నది అమ్మ రక్తపోటు, వయసు, మిగతా పరీక్షలు కలిపి చూసి డాక్టర్ గారే నిర్ణయిస్తారు. బీపీ మాత్ర మాత్రం ఒక్క పూట కూడా తప్పకుండా నా ఎదుటే వేసుకుంటున్నది.

ఇదంతా రాసి అమ్మకు చదివి వినిపించాను. కళ్లు మూసుకుని చివరిదాకా విని, ఒకటి మరిచావన్నది. రాత్రి రెండు గంటలకు మందు వేయడానికి వచ్చే సిస్టర్, లైటు వేయకముందే వచ్చి చెయ్యి పట్టుకుని కాసేపు నిలబడేదట, లేపడం ఆ తర్వాతేనట. అది కూడా రాయమన్నది.