మా గుడికి మళ్ళీ కప్పు వేసిన చేతులకు

మీ అందరికీ ప్రభువు పేరట వందనాలు.

మాది బాపట్ల జిల్లాలో సముద్రానికి దగ్గరగా ఉన్న చిన్న ఊరు. ఆ ఊరి పల్లెలో, అంటే ఊరికి విడిగా ఉండే దళితుల వాడలో, పుట్టి పెరిగి, ఇప్పుడు పక్క మండలంలో టీచరుగా పనిచేస్తున్నాను. మా బాప్టిస్టు సంఘంలో ముప్పై ఎనిమిది కుటుంబాలున్నాయి. స్త్రీల సమాజం లెక్కలు రాసేది నేనే కాబట్టి, ఈ కృతజ్ఞతలు కూడా నువ్వే రాయమ్మా అని మా పాస్టరు అయ్యగారు, సంఘ పెద్దలు నాకు అప్పజెప్పారు. సాయం చేసినవాళ్ళలో చాలామంది పేరు రాయొద్దన్నారు, అందుకని ఎవరి పేరూ రాయడం లేదు. చదివితే ఎవరి సంగతి వాళ్ళకి తెలుస్తుంది.

2023 డిసెంబరు 5, మంగళవారం మధ్యాహ్నం మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పల్లెలో సగం మందిమి మా పెదనాన్నగారి డాబాలో తలదాచుకున్నాం. 1977 దివిసీమ ఉప్పెన చూసిన ముసలివాళ్ళు ఒక మూల కూర్చుని ప్రార్థన చేస్తూనే ఉన్నారు. గుడి వైపు నుంచి ఇనుము చీలుతున్నట్టు ఒక చప్పుడు వచ్చింది, ఆ తర్వాత ఇంకొకటి. మా గుడికి గంట అంటే రైలు పట్టా ముక్క, రెండు స్తంభాల మధ్య కడ్డీకి వేలాడదీసి ఉంటుంది. ఆ గాలికి అది దానంతట అదే మోగుతూ ఉంది. ఎవరూ మాట్లాడలేదు. గుడికి ఏమైందో చూడకుండానే అందరికీ అర్థమైపోయింది.

తెల్లారి వెళ్ళి చూస్తే జింకు రేకులు రొయ్యల చెరువు గట్టు దాకా ఎగిరిపోయి ఉన్నాయి. వేపచెట్టు తూర్పు గోడ మీద పడి ఉంది. లోపల మోకాలి లోతు నీళ్ళలో చాపలు, కీర్తనల పుస్తకాలు తేలుతున్నాయి. అప్పటికి క్రిస్మస్ ఇంకా పందొమ్మిది రోజులు.

ముందుగా ఊళ్ళోని ఒక రైతుగారికి కృతజ్ఞతలు చెప్పాలి. బుధవారం పొద్దున ఇంకా జల్లు పడుతుండగానే ఆయన ట్రాక్టరు మా పల్లెలోకి వచ్చింది. మేమెవరం కబురు పెట్టలేదు. కోతకొచ్చిన ఆయన వరి మొత్తం నేలకొరిగి నీళ్ళలో ఉంది. తన చేలో నీళ్ళు తీసుకోవడం మానేసి, మోకు కట్టి మా గోడ మీద పడిన చెట్టుని లాగి పక్కన పెట్టించారు. "మిగతా గోడ పడకముందే తీసేద్దామని వచ్చాను" అన్నారు, అంతే. మా తాతల కాలంలో ఆయనుండే ఊరి వీధిలోంచి మనవాళ్ళు చెప్పులు చేత పట్టుకుని నడిచేవాళ్ళు. ఈ మాట నొప్పించడానికి రాయడం లేదు అయ్యా, ఆ రోజు మీరు వచ్చిన దూరం ఎంతో మాకు తెలుసని చెప్పడానికి రాస్తున్నాను.

క్రిస్మస్ ఆరాధన షామియానా కింద జరిగింది. టెంట్ హౌస్ యజమాని అద్దె తీసుకోలేదు, కుర్చీలకి కూడా. యవనస్థులు వెదురు గడకి కట్టిన నక్షత్రాన్ని కప్పు లేని గోడ మీదే నిలబెట్టారు. కరెంటు వాళ్ళు లైను సరిచేసి ఇరవై నాలుగో తేదీ సాయంత్రానికి మాకు వెలుగు ఇచ్చారు. అందరికీ వందనాలు.

ఇప్పుడు అందరికంటే ఎక్కువ చెప్పాల్సిన మనిషి గురించి రాస్తాను.

ప్రసంగ వేదిక పక్కనున్న చెక్క బీరువాలో మా సంఘం రిజిస్టరు ఉండేది. బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, మరణాలు అన్నీ అందులోనే రాస్తారు. మా పల్లెలో చాలామంది పెద్దవాళ్ళకి పుట్టినరోజు కాగితం లేదు. మా నాయనమ్మ ఈ లోకంలో బతికిందని సిరాతో రాసి ఉన్నది ఆ పుస్తకంలోనే. ఆమె పేరు దగ్గర పాత పేరు మీద గీత కొట్టి, పక్కన బాప్తిస్మం పేరు రాసి ఉంటుంది. ఒక రాత్రంతా వాన నీళ్ళలో నానిన ఆ రిజిస్టరు బయటికి తీసేసరికి పేజీలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి తడిసిన రొట్టెలా అయిపోయింది. ఎండలో పెడదామంటే ఎండ లేదు. నేను దాన్ని తువ్వాలులో చుట్టుకుని సెంటర్లో బస్సు కోసం నిలబడి ఏడుస్తుంటే, ఇస్త్రీ బండి పెద్దయ్య చూసి పిలిచారు.

"ఏం పుస్తకం టీచరమ్మా అది?" అని అడిగారు. చెప్పాను. ఆయన తువ్వాలు విప్పి, ఒక పేజీ అంచుని గోటితో కొంచెం లేపి చూసి, "ఇది వస్తుంది. తొందరపడకూడదు, అంతే" అన్నారు.

పదకొండు సాయంత్రాలు పట్టింది. బడి అయ్యాక నేను బండి దగ్గరికి వెళ్ళేదాన్ని. ఆయన ఒక్కొక్క పేజీని పల్చటి వెదురు పుల్లతో విడదీసి, కింద పాత న్యూస్‌పేపరు, పైన నలిగిన పంచె గుడ్డ వేసేవారు. బొగ్గుల ఇస్త్రీ పెట్టెని తన చెంప దగ్గరికి తెచ్చుకుని వేడి చూసుకునేవారు. కొంచెం ఎక్కువగా ఉందనిపిస్తే తడి గోనె మీద ఆనించి చల్లార్చేవారు. ఆ తర్వాత రుద్దకుండా పైన ఊరికే పెట్టి తీసేవారు, పెట్టి తీసేవారు. ఆవిరితో పాటు పాత సిరా వాసన, బొగ్గు వాసన కలిసి వచ్చేవి. సిరా చెదిరిన చోట నేను పెన్సిలుతో అక్షరాలు దిద్దుకుంటూ వెళ్ళాను. ఆయనకి చదువు రాదు. ప్రతి పేజీ ఆరాక "ఎవరమ్మా ఇందులో?" అని అడిగేవారు. నేను పేర్లు చదివేదాన్ని. కొన్ని పేర్లు వినగానే "నాట్లకి వచ్చేది", "బావిలో పూడిక తీసేవాడు, మంచి పనిమంతుడు" అని గుర్తు చేసుకునేవారు.

ఆరో రోజో ఏడో రోజో, నేను మా నాయనమ్మ పేరు చదివాక ఆయన పెట్టె పక్కన పెట్టేసి కాసేపు ఊరుకున్నారు. తర్వాత అన్నారు: "మా నాయన మీ పల్లె బట్టలు పట్టేవాడు కాదమ్మా. పడితే ఊరు ఊరుకునేది కాదు. నేను చిన్నప్పుడు అడిగాను, ఎందుకు పట్టవు అని. కొట్టాడు."

నాకు ఏమనాలో తెలియలేదు. ఆయన మళ్ళీ పెట్టె తీసుకుని, చెంప దగ్గర వేడి చూసుకుని, మా నాయనమ్మ పేజీ మీద ఇంకోసారి ఆనించారు. అది అప్పటికే ఆరిపోయింది.

పెద్దయ్యా, మీరు కూలి తీసుకోలేదు. బస్తా బొగ్గులు తెచ్చిస్తే అవి మాత్రం ఉంచుకున్నారు. రిజిస్టరులో నాలుగు పేజీలు తప్ప అన్నీ మిగిలాయి. మా సంఘం ఉన్నంతకాలం మీ పని అందులో ఉంటుంది.

కప్పు సంగతికి వస్తాను. డిసెంబరులో ఎగిరిపోయిన కప్పు మార్చి దాకా ఎందుకు వేయలేదని బయట ఊళ్ళ బంధువులు అడుగుతున్నారు. మావాళ్ళు ఎక్కువమంది కౌలుకి చేసేవాళ్ళు, కూలికి వెళ్ళేవాళ్ళు. ఆ తుపానుకి వరి పోయింది, పొగాకు నారు పోయింది. కానుకల సంచిలో ఎప్పుడూ వచ్చేదాంట్లో సగం కూడా రాలేదు. అందుకే బయటి సాయం గురించి జనవరిలో సంఘం మీటింగు పెట్టుకున్నాం. అక్కడ ఒకరిద్దరు అడిగారు, విశ్వాసులు కానివాళ్ళ డబ్బుతో దేవుని మందిరం కట్టుకోవచ్చా అని. మంచి మనసుతోనే అడిగారు.

అప్పుడు మా సంఘంలో అందరికంటే పెద్దాయన లేచారు. 1876-78 నాటి ధాత కరువులో ఆయన పూర్వీకులు బకింగ్‌హాం కాలువ మట్టి మోశారు. 1877లో మనుషులు తిండి లేక రాలిపోతుంటే, ఒంగోలు మిషన్ నడిపిన అమెరికా మిషనరీ క్లౌ దొరగారు ఆ కాలువలో కొంత భాగం తవ్వే పని సర్కారు దగ్గర కాంట్రాక్టుకి తీసుకుని వేలమందికి కూలి చూపించారు. ఆ కరువు సాయం జరిగినన్నాళ్ళూ, ఏడాదికి పైగా, ఎంతమంది వచ్చి అడిగినా ఆయన బాప్తిస్మాలు ఇవ్వలేదు. తిండి కోసం వచ్చినవాళ్ళెవరో, నమ్మి వచ్చినవాళ్ళెవరో కలగలిసిపోకూడదని ఆపారు. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తూనే ఉంటే అప్పుడు మొదలుపెట్టారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర వెల్లంపల్లిలో, గుండ్లకమ్మ ఏట్లో, ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మాకు ఇదంతా చిన్నప్పటి నుంచి తెలిసిన కథే. కానీ పెద్దాయన ఆ రోజు దాన్ని ఇంకో వైపు నుంచి చెప్పారు.

"మన ముత్తాతలు తిన్న గంజి సర్కారు కూలి డబ్బులతో కాచింది. ఎవరి డబ్బని అడిగి తాగారా? దొరగారు కూలికీ విశ్వాసానికీ ముడి పెట్టలేదు. ఇప్పుడు మనకిచ్చేవాళ్ళు కూడా మనల్ని ఏమీ అడగడం లేదు. అడగని చేతిని తోసేసే హక్కు మనకెక్కడిది?" అని కూర్చున్నారు.

ఆ తర్వాత ఇంకెవరూ మాట్లాడలేదు. నేను టీచరుని, ఆ కథ పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. మన తాతలు తీసుకున్నవాళ్ళు అన్న సంగతి మాత్రం నాకెప్పుడూ తట్టలేదు.

కోతకాల పండుగ ప్రతి ఏడూ లాగే చేశాం. గుడిలోకి తెచ్చిన మొదటి పంటని ఆరాధన తర్వాత వేలం వేస్తాం. ఈసారి సొరకాయ 1,500 పలికింది. పాడుకున్నావిడ దాన్ని మళ్ళీ గుడికే ఇచ్చేస్తే రెండోసారి 1,200 పలికింది. ట్రాక్టరు రైతుగారు రెండు బస్తాల రంగుమారిన ధాన్యం పంపించారు, "మంచివి లేవు, ఏమనుకోవద్దు" అని చెప్పి. ఆ బస్తాలకే అన్నిటికన్నా ఎక్కువ పాట వచ్చింది. మా అక్కాచెల్లెళ్ళు రోజూ ఎసట్లో బియ్యం పోసేముందు పిడికెడు పక్కకి తీసి కుండలో వేస్తారు. ఆ పిడికెడు బియ్యం అమ్మితే వచ్చిన డబ్బుతో స్క్రూలు, వాషర్లు మొత్తం కొన్నాం. కువైట్‌లో ఇంటిపని చేసే మా పల్లె అక్క, అక్కడి తెలుగు ఆరాధనలో మా గుడి ఫోటో చూపించి కానుక పట్టి పంపింది. అక్కా, నీ రెండు నెలల జీతం కూడా అందులో ఉందని తర్వాత తెలిసింది. నువ్వు చెప్పలేదు.

రేకుల పని చేసింది వెల్డింగ్ షాపు అన్న. పాత కప్పు ఎందుకు పోయిందో ముందు ఆయనే మాకు అర్థమయ్యేలా చెప్పారు. తుపాను గాలి కప్పుని పైనుంచి కొట్టదట, కిందినుంచి లేపుతుందట. మా గుడి కిటికీ రెక్క విరిగి గాలి లోపలికి దూరింది. తుప్పు పట్టిన హుక్కులు ఆ ఒత్తిడికి ఆగలేదు. అందుకే ఈసారి చూరు బయటికి తక్కువ వదిలారు. అంచుల దగ్గర స్క్రూలు దగ్గర దగ్గరగా కొట్టారు. దూలాల్ని గోడలోని కాంక్రీటు బెల్టుకి బోల్టులతో బిగించారు. కిటికీలకి లోపల గడియలు పెట్టించారు. మన ఊళ్ళలో రేకుల ఇల్లు ఉన్న ప్రతివాళ్ళూ తుపాను రోజులు రాకముందే ఈ నాలుగూ ఒకసారి చూసుకోండి.

ఆయన పని మొదలుపెట్టాక రంజాన్ వచ్చింది. మాకేమో శ్రమల దినాలు, ఈస్టర్ ముందు ఉపవాసాల కాలం. ఆయన రోజా ఉండి, గుక్కెడు నీళ్ళు కూడా లేకుండా, మార్చి ఎండలో ఇనుప దూలాల మీద కూర్చుని వెల్డింగ్ చేశారు. కింద మా ఆడవాళ్ళు శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఉన్నారు. మొదటి రోజు సాయంత్రం ఆయన దిగి బండి తీసుకుని వెళ్ళిపోబోతుంటే, అయ్యగారి భార్య అమ్మగారు అడ్డం వెళ్ళి, "దారిలో పొద్దు గుంకుతుంది, ఇక్కడే రోజా విప్పు నాయనా" అన్నారు. ఆ రోజు నుంచి పని అయ్యేదాకా ఖర్జూరాలు, పుచ్చకాయ ముక్కలు, జావ సిద్ధంగా పెట్టేవాళ్ళు. మా తమ్ముడి కొడుకు ఫోను చేతిలో పట్టుకుని టైము చూస్తూ నిలబడేవాడు. ఇంకా రెండు నిమిషాలు, ఇంకో నిమిషం, అని చెప్పి, చివరికి "అయ్యింది మామయ్యా!" అని అరిచేవాడు. ఆయన ఖర్జూరం సగం కొరికి మిగతా సగం వాడికి పెట్టేవారు. శుక్రవారం మాత్రం ఉపవాసం ఉన్న ఆడవాళ్ళు కూడా ఆయనతో పాటే జావ తాగారు. సగం వేసిన కప్పు కింద చాపల మీద కూర్చుని, ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకుని తాగారు. అన్నా, మీరు కూలి సగమే తీసుకున్నారు. మిగతా సగం మా గుండెల్లో ఉంది.

మార్చి 24, ఈస్టర్ ముందు వచ్చే మట్టల ఆదివారం రోజు ఈత మట్టలు పట్టుకుని కొత్త కప్పు కిందకి వెళ్ళాం. మూడున్నర నెలల నుంచి పాట పాడితే ఆకాశంలోకి పోయేది. ఆ రోజు రేకులకి తగిలి మళ్ళీ మా మీదికే వచ్చింది. మొదటి చరణానికే చాలామంది గొంతులు పూడుకుపోయాయి. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల దగ్గర కొవ్వొత్తులు పెట్టి, అక్కడి నుంచి పాడుకుంటూ గుడికి వచ్చాం. ఆ రోజే కాలువలో ఇద్దరు పిల్లలు బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్ళ పేర్లు పాత రిజిస్టరులోనే, ఇస్త్రీ అయిన పేజీ మీద రాశాను.

మొత్తం ఖర్చు 2,86,000. లెక్క పుస్తకం గుడిలో బల్ల మీద ఉంటుంది, ఎవరైనా వచ్చి చూడొచ్చు. ఇంకా మూడు రేకులు మిగిలాయి. రెండు గుడి వెనక పెట్టాం, రాబోయే వానల్లో ఊళ్ళో ఎవరి ఇంటికి అవసరమైతే వాళ్ళు తీసుకెళ్ళండి, పల్లె అయినా ఊరు అయినా సరే. మూడోది అడగకుండానే తీసుకెళ్ళి సెంటర్లో ఇస్త్రీ బండికి పైకప్పుగా వేయించాం. నాలుగు మూలలా, స్క్రూలు దగ్గర దగ్గరగా కొట్టించి.