ముందే చేసి పెట్టుకోవడం బద్ధకం కాదండీ

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ఫ్రిజ్‌లో పెట్టిన తిండి మీద వేసిన ఆర్టికల్ చదివాను. మొత్తం చదివాక నాకు అర్థమైంది ఏంటంటే ఫ్రిజ్‌లో పెట్టిందంతా విషం, ఇప్పటి ఆడవాళ్ళకి ఓపిక లేదు, పిల్లలకి ఏ పూటకాపూట వేడివేడిగా వండి పెట్టాలి అని. రాసినాయనకి ఇంట్లో ఎల్‌కేజీ పిల్ల ఒకటి, పాకే పిల్లాడు ఒకడు ఉండి, ఏడున్నరకి స్కూల్ బస్సు, ఎనిమిదిన్నరకి తను ఆఫీసుకి బయల్దేరాలంటే ఏం రాసేవారో చూడాలని ఉంది.

అసలు ముందే చేసి పెట్టుకోవడం మనకేమన్నా కొత్తా? కందిపొడి, కరివేపాకు పొడి, వడియాలు, ఊరగాయలు, ఇవన్నీ ఏంటి మరి? చంటిపిల్లల ఉగ్గే తీసుకోండి, బియ్యం పెసరపప్పు కడిగి ఆరబెట్టి దోరగా వేయించి మరపట్టించి డబ్బాకెత్తేవాళ్ళు, పూట పూటకి రెండు చెంచాలు ఉడకబెట్టడమే పని. తెలంగాణలో అంగన్‌వాడీల్లో ఏడు నెలలు దాటిన పిల్లలకి ఇచ్చే బాలామృతం కూడా అదే పద్ధతి కదా, వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి అన్నీ ముందే కలిపి ప్యాకెట్లో ఇస్తారు. గవర్నమెంట్ చేస్తే పోషకాహారం, నేను చేస్తే బద్ధకమా?

కాకపోతే ఏది ముందు చేయాలి ఏది చేయకూడదు అన్నది తెలియాలి, మీ ఆర్టికల్‌లో లేనిది అదే. నా లెక్క ఒకటే, కూరలు వండి పెట్టుకోను, కూరకి కావాల్సినవి చేసి పెట్టుకుంటాను. మన వంటకి రుచంతా తాలింపులో ఉంటుంది, అది అప్పటికప్పుడు వేస్తేనే బాగుంటుంది, మిగతాదంతా ఆదివారం కూర్చుని చేసుకోవచ్చు. ఉల్లిపాయ టమాటా మగ్గబెట్టి రెండు డబ్బాలకెత్తితే గుడ్డు కూరకీ బంగాళదుంప కూరకీ అదే. పులిహోర గుజ్జు అయితే చింతపండు, పసుపు, పచ్చిమిర్చి, ఉప్పు, చిన్న బెల్లం ముక్క వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించాలి, తొందరపడి పల్చగా దించేస్తే నిలవుండదు. ఇడ్లీ పిండి పులిశాక ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు, ఆ తర్వాత పుల్లగా అయితే ఉల్లిపాయ వేసి ఊతప్పం. చిక్కుడుకాయలు ఈనెలు తీసి పెట్టుకోవచ్చు గానీ వంకాయ మాత్రం ముందు కోస్తే నల్లబడుతుంది, దాని జోలికి పోవద్దు. ఆకుకూరని తడి లేకుండా ఆరబెట్టి చుట్టి పెట్టాలి, ఒకప్పుడు మీ పేపర్లోనే చుట్టేదాన్ని, తినే వాటిని న్యూస్‌పేపర్లో చుట్టొద్దు, ఇంకు మంచిది కాదు అని ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చెప్పాక పాత కాటన్ చీర చింపి వాడుతున్నాను, ఏమనుకోకండి.

పిల్లలు పక్కన ఉంటే ఇవన్నీ ఎక్కడ అవుతాయి అంటారు. మా పెద్దదానికి కరివేపాకు రెబ్బలు దూయడం అప్పజెప్తాను, వేళ్ళతో పైనుంచి కిందకి ఒక్క లాగు లాగి చేతిలో ఆకులన్నీ వచ్చాయా లేదా అని చూసుకుని, ఒకటి నోట్లో వేసుకుని, మొహం చిట్లించి మళ్ళీ ఇంకో రెబ్బ తీసుకుంటుంది. సగం ఆకులు కిందే పడతాయి, తమ్ముడు వాటికోసం పాక్కుంటూ వస్తాడు, గొడవే, అయినా ఫోన్ ఇచ్చి కూర్చోబెట్టడం కంటే నాకు ఇదే నయం.

భయపడాల్సిన చోట భయపడాలి, కాదనను. అన్నం సంగతే చూడండి, రాత్రి వండి స్టవ్ మీదే వదిలేసి పొద్దున వేడి చేసి పిల్లలకి పెట్టేవాళ్ళు చాలామందే ఉన్నారు, ఫ్రిజ్‌లో పెట్టినదాని కంటే అది అసలు డేంజర్. బియ్యంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా ఉడికించినా పూర్తిగా చావదు, బయట వదిలేస్తే పెరిగి విషం తయారు చేస్తుంది, ఆ విషం మళ్ళీ వేడి చేసినా పోదు. వండినవి మామూలు రోజుల్లో రెండు గంటల్లోపు, మన ఎండాకాలంలో అయితే గంటలోపే ఫ్రిజ్‌లోకి వెళ్ళిపోవాలి. అది కూడా గిన్నెతో పాటు తోసేయడం కాదు, లోతు గిన్నెలో మధ్యలో ఉన్నది చాలాసేపు వేడిగానే ఉంటుంది, వెడల్పు పళ్ళెంలో పరిచి ఆరనిచ్చి చిన్న డబ్బాలకెత్తాలి. నన్నడిగితే అన్నం అసలు ముందు వండక్కర్లేదు, కుక్కర్లో ఎంతసేపని!

చంటివాడి విషయంలో ఇంకాస్త జాగ్రత్త. వాడి వాటా ఉప్పూ కారం వేయకముందే తీసి మెత్తగా మెదిపి బుల్లి బుల్లి డబ్బాల్లో పెడతాను, పూటకి ఒక డబ్బానే బయటకి తీసి పొగలొచ్చేలా వేడి చేసి బాగా కలిపి చల్లార్చి పెడతాను, ఒకసారి వాడి నోట్లో పెట్టిన చెంచా అందులో పడ్డాక మిగిలింది పారేయడమే, దాచకూడదు. ఎంగిలి పడితే తొందరగా పాడవుతుంది, ఈ మాట మా అమ్మమ్మ ఏ సైన్సూ చదవకుండానే చెప్పేది.

ఇంకో మాట. కేంద్ర ప్రభుత్వం 2024లో చేసిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతం లేని ఇంటి పనులకి ఆడవాళ్ళు రోజుకి 289 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్ళు 88 నిమిషాలు. అది కూడా చేసే మగవాళ్ళ సగటండీ, అసలు వేలు పెట్టనివాళ్ళు ఆ లెక్కలోనే లేరు. మా ఇంట్లో ఆదివారం గ్రైండర్ పని, వెల్లుల్లి ఒలవడం మా ఆయనవే, అలా కుదిరింది కాబట్టే వారమంతా నడుస్తోంది. అందుకే మీ ఆర్టికల్లో అడుగడుక్కీ గృహిణులూ తల్లులూ అని ఉంటే ఒళ్ళు మండింది.

కాబట్టి నేను కోరేది ఇది. ఎండలు ముదరకముందే ఒక డాక్టర్ గారినో ఫుడ్ సైన్స్ చదివినవాళ్ళనో అడిగి మన వంటలకే, అంటే పప్పు, పులుసు, చేపల పులుసు, పెరుగు పచ్చడి, దోసెల పిండి, ఏది ఫ్రిజ్‌లో ఎన్ని రోజులు, కరెంటు పోతే ఎంతసేపు, పిల్లలకి ఏది అస్సలు పెట్టకూడదు అని ఒక పట్టిక వేయండి. కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించుకునే సైజులో వేస్తే ఇంకా మంచిది. పక్కన బొమ్మ వేసేటట్టయితే పట్టుచీర కట్టుకుని నవ్వుతూ గరిటె తిప్పే ఆవిడని మాత్రం వద్దు, పొద్దున ఆరింటికి ఏ ఇంట్లోనూ అలా ఎవరూ ఉండరు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కూకట్‌పల్లి, హైదరాబాద్