సీల్డ్ కవరు దగ్గరే ఆగిపోతున్న లా పట్టాలు

సంపాదకులకు,

మన ఎల్‌ఎల్‌బీ అమెరికాలో చెల్లదని, అక్కడికెళ్లి ఎల్‌ఎల్‌ఎం (లాలో పీజీ) చేయాల్సిందేనని కన్సల్టెన్సీల వాళ్లు ఊదరగొడుతున్నారు. ఒంగోలు కోర్టులో ప్లీడరు గుమాస్తాగా చేసి మానుకున్నవాణ్ణి నేను. లా చదవలేదు గానీ, కాగితం చదవడం వచ్చు. మా కోడలి పని మీద న్యూయార్క్ వాళ్ల రూల్సు ప్రింటు తీయించుకుని, పెన్సిలు పట్టుకుని కూర్చుని చదివాను.

మా కోడలు డిగ్రీ అయ్యాక మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ రెగ్యులర్‌గా చదివింది. బార్ కౌన్సిల్‌లో ఎన్‌రోల్ అయి, ఇక్కడే ఒక లాయరుగారి దగ్గర జూనియర్‌గా చేసింది. పెళ్లయి న్యూజెర్సీ వెళ్లాక న్యూయార్క్ బార్ పరీక్ష, అంటే అక్కడ లాయరు లైసెన్సుకు పెట్టే పరీక్ష, రాస్తానంది. ఎల్‌ఎల్‌ఎం ఫీజు ఎంతో కన్సల్టెన్సీ వాళ్లు చెప్పేసరికి మావాడికి నోట మాట రాలేదట.

రూల్లో ఉన్నది వేరు. బయటి దేశంలో లా చదివినవాళ్ల విషయంలో ముఖ్యంగా రెండు సంగతులు చూస్తారు. చదివిన కాలం అక్కడి లా కోర్సుకు సమానమేనా? ఆ దేశంలో నడిచేది ఇంగ్లిషు కామన్ లా, అంటే పాత తీర్పుల్ని ఆధారం చేసుకునే ఇంగ్లండు పద్ధతేనా? ఈ రెండింట్లో ఒకటి తక్కువైతే 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం చేసి ఆ లోటు పూడ్చుకోవచ్చు. రెండూ సరిపోతే ఎల్‌ఎల్‌ఎం ఊసే లేదు. మనది ఇంగ్లిషువాళ్లు పెట్టిపోయిన చట్టమే కదా! అందుకే రెగ్యులర్‌గా చదివినవాళ్లు ముందు కాగితాలు అక్కడి పరీక్షల బోర్డుకు పంపి, వాళ్లేమంటారో రాతపూర్వకంగా తెలుసుకోవాలి. ఫీజు కట్టడం ఆ తర్వాతి మాట. దూరవిద్యలో చదివిన లా మాత్రం అక్కడ లెక్కకు రాదు. కెనడా దారి వేరు. అక్కడ ఎన్‌సీఏ అనే సంస్థ మన చదువు చూసి, వాళ్ల రాజ్యాంగం, క్రిమినల్ లా వంటి పేపర్లు రాయమంటుంది.

అసలు చిక్కు ఇక్కడి నుంచే మొదలు. మార్కుల ట్రాన్‌స్క్రిప్టు యూనివర్సిటీ నుంచి నేరుగా ఆ బోర్డుకు చేరాలి. అభ్యర్థి చెయ్యి తగలకూడదు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో నేను చలానా కట్టి అడిగితే, కవరు అంటించి, మూత మీద స్టాంపు వేసి నా చేతిలోనే పెట్టారు. "కొరియర్ మీరే చేసుకోండి, మాకు ఫారిన్ పంపే పద్ధతి లేదు" అన్నారు. కొరియర్ షాపులోనేమో పంపేవారి పేరు, ఆధార్ అడుగుతారు. అక్కడ నా పేరు రాస్తే ఆ స్టాంపుకు విలువేముంది? కింది కోర్టు రికార్డు పైకోర్టుకు కక్షిదారు సంచిలో వెళ్తుందా, మీరే చెప్పండి. కవరు అక్కడే బల్ల మీద పెట్టేశాను. సీట్లో ఉన్నాయన మంచివాడే. "ఏం చెయ్యమంటారు బాబాయ్, నాకు ఆర్డరు లేదు" అన్నాడు. ఆర్డరు ఎవరిస్తారని అడిగితే ఇంకో సెక్షన్ పేరు చెప్పాడు, వాళ్లు మళ్లీ ఈయన పేరే చెప్పారు. చివరికి పై అధికారి ఒకాయన దయతలచి యూనివర్సిటీ పేరు మీదే పంపించారు. దయతలచని చోట పిల్లల గతేంటి?

ఇంటిపేరు తంటా ఇంకోటి. పట్టాలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా. ఇద్దరూ ఒకరేనని అఫిడవిట్ చేయించాల్సి వచ్చింది. ఆ పని నాకు కొత్త కాదు గనుక గంటలో అయింది.

కాగితాలన్నీ చేరి బోర్డు సరేనంటేనే పరీక్ష. రెండు రోజులు రాయాలి, 400కి 266 రావాలి. పాసైనా లైసెన్సు వేరు, పనిచేసే అనుమతి వేరు. భర్త లేదా భార్య ఉద్యోగ వీసా మీద ఆధారపడి వచ్చే హెచ్-4 వీసా మీద ఉన్నవాళ్లు వర్క్ పర్మిట్ కార్డు రాందే జీతం తీసుకోకూడదు. ఇవన్నీ ఆ పిల్ల పడే తిప్పలు, పడుతుంది. మన వైపు జాప్యం కూడా దానికి తోడైతే ఎలా?

మా జిల్లాకు పేరైన ప్రకాశం పంతులుగారు రాజమండ్రిలో సెకండ్ గ్రేడ్ ప్లీడరుగా ఉండి, ఆ పట్టాతో హైకోర్టులో వాదించే వీల్లేక లండన్ వెళ్లి బారిష్టరై వచ్చారు. ఆ రోజుల్లో పట్టా కోసం మనిషి ఓడెక్కేవాడు. ఇప్పుడు మనిషి విమానంలో ఎప్పుడో వెళ్లిపోతున్నాడు, పట్టాయే వెనకబడుతోంది.

దీనికి కొత్త చట్టమేమీ అక్కర్లేదు. విదేశీ బోర్డులకు ట్రాన్‌స్క్రిప్టు నేరుగా పంపే పని ఫలానా సీటుదని, ఇన్ని రోజుల్లో పంపాలని రిజిస్ట్రార్లు ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. దరఖాస్తు నమూనా లా కాలేజీ నోటీసు బోర్డులో పెట్టించాలి. తపాలా ఖర్చు మేమే కట్టుకుంటాం. పంపిన రసీదు నంబరు మాత్రం మాకివ్వాలి.

- ఒక మాజీ ప్లీడరు గుమాస్తా, ఒంగోలు