బుడగలు ఆగాయని సీసాల్లో పోసేయకు

అమ్మలూ,

నీ మెసేజ్ చూశాను. మీరు ఇంట్లో తయారుచేస్తున్న బీరు బకెట్ ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ని బయటికి వదిలి గాలిని లోపలికి రానివ్వని గొట్టం) బుడగలు ఆగిపోయాయని, ఈ శనివారమే సీసాల్లో పోసేస్తే థాంక్స్‌గివింగ్‌కి అందుతుందని అల్లుడు అంటున్నాడట. వద్దు, ఆగండి. ఎందుకో కాస్త వివరంగానే రాస్తాను, సంగారెడ్డి బ్రూవరీ ల్యాబులో ఇన్నేళ్లూ నేను చూసిన పని ఇదే కదా.

బుడగల్ని అసలు నమ్మొద్దు. మూత సందులోంచి గ్యాస్ పోతుంటే లోపల బాగా పులుస్తున్నా బుడగ కనపడదు, అంతా అయిపోయాక కూడా గది కాస్త వేడెక్కితే బీరులో కరిగి ఉన్న గ్యాస్ బయటికొచ్చి బుడగలు మొదలవుతాయి. కిట్ మీద రాసిన రోజుల లెక్కా అంతే. నువ్వు పంపిన హైడ్రోమీటర్ రీడింగులు చూడు: మొదట్లో 1.052, నిన్న 1.020. నీళ్లకి 1.000 అనుకుంటే బీరు ఎంత చిక్కగా ఉందో ఇవి చెబుతాయి, చక్కెర పులిసేకొద్దీ దిగుతాయి. ఏల్ రకం బీరుకి వాడే మామూలు ఈస్ట్ అయితే 1.000 పైనున్న ఆ 52 పాయింట్లలో (0.001 అంటే ఒక పాయింటు) ముప్పావు వంతు దించాలి, అంటే 1.013 దగ్గరికి రావాలి. ఇంకా ఏడు పాయింట్ల చక్కెర అందులోనే ఉంది.

మీ బేస్‌మెంట్ చలే కారణం అనుకుంటున్నా. మొదటి రెండు మూడు రోజులు పులిసేటప్పుడు పుట్టే వేడికి లోపలి ద్రవం గది కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది, ఆ జోరు తగ్గగానే అది కూడా మినియాపొలిస్ చలికి చల్లబడిపోతుంది, ఈస్ట్ పని సగంలో వదిలేసి అడుగున మడ్డిలా కూర్చుంటుంది. చలికాలంలో దోసెల పిండి పొంగకపోతే అమ్మ గిన్నెని పొయ్యి పక్కకి జరుపుతుంది చూడు, నువ్వూ అదే చెయ్యి. బకెట్‌ని పైకి తెచ్చి 20 డిగ్రీల దగ్గర పెట్టు, మూత తీయకుండా మెల్లగా అటూ ఇటూ ఒంచి మడ్డిని కదిలించు. గరిటె పెట్టి కలపొద్దు, గాలి తగిలితే తర్వాత తడిసిన అట్టపెట్టె వాసన వస్తుంది.

ఇప్పుడే సీసాల్లో పోస్తే ఏమవుతుందంటే, రెండు పాయింట్లు దిగితే దాదాపు ఒక వాల్యూమ్ గ్యాస్, అంటే బీరు ఎంతుందో అంత గ్యాస్, పుడుతుంది. అంటే ఆ ఏడు పాయింట్లకే మూడున్నర, పైన సీసాల్లో పోసేటప్పుడు గ్యాస్ కోసం నువ్వు వేసే చక్కెరది వేరే. మామూలు సీసాలో ఉండాల్సింది మొత్తం రెండున్నర. గాజు పగులుతుందమ్మా, అది చేతిలో ఉన్నప్పుడు పగిలితే కళ్లకి ప్రమాదం. నాకు టెన్షన్ అంతా దీని గురించే.

రీడింగ్ కుదిరాక కూడా వెంటనే తొందరపడకు, వెన్న వాసన ఉందేమో చూడాలి. పులిసేటప్పుడు డయాసిటైల్ అని ఒకటి తయారవుతుంది, కాస్త వెచ్చగా ఇంకొన్ని రోజులు వదిలేస్తే ఈస్టే దాన్ని మళ్లీ తినేస్తుంది. ల్యాబులో మేం చేసే పరీక్షే ఇంట్లోనూ చెయ్యొచ్చు: రెండు గ్లాసుల్లో కొంచెం కొంచెం బీరు పోసి, ఒకదానికి మూత పెట్టి 60 డిగ్రీల వేడినీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచు, చల్లారాక రెండూ వాసన చూడు. వేడిచేసిన దాంట్లో సినిమా హాల్లో పాప్‌కార్న్ వాసన వచ్చిందంటే ఇంకా టైముంది. అసలు మంచి బీరుకీ మామూలు బీరుకీ తేడా వచ్చేది ఈ ఆఖరి రోజుల్లోనే, అందరూ తొందరపడేదీ ఇక్కడే.

రీడింగ్ తీసేటప్పుడు హైడ్రోమీటర్‌ని వేళ్లతో ఒకసారి తిప్పి వదులు, బుడగలు అంటుకుని ఉంటే అది పైకి తేలి ఎక్కువ చూపిస్తుంది. తీసిన శాంపిల్‌ని మళ్లీ బకెట్‌లో పోయొద్దు. మూడు రోజుల తేడాతో రెండు రీడింగులూ 1.013 దగ్గరే ఆగి ఒకేలా ఉంటే అప్పుడు 19 లీటర్లకి 110 గ్రాముల డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజ్ చక్కెర) కొంచెం నీళ్లలో మరిగించి, చల్లార్చి కలిపి సీసాల్లో పోయండి, తర్వాత రెండు వారాలు పైగదిలోనే ఉంచండి. థాంక్స్‌గివింగ్‌కి అందకపోతే క్రిస్మస్‌కి తాగుతారు, అల్లుడికి నేను చెప్పానని చెప్పు.

పైకి మార్చిన మూడో రోజు రీడింగ్ తీసి ఫోటో పంపు, స్కేలు మీద గీత కనపడేలా.

నాన్న