ఇకపై ముందు పరీక్ష, తర్వాతే ఎస్టిమేటు

మా చేత పాత మోడర్నిస్టు ఫ్లాట్లు (అలంకారాలు లేకుండా కాంక్రీటుతో కట్టినవి) బాగుచేయించుకుంటున్నవాళ్లకీ, వరుసలో ఎదురుచూస్తున్నవాళ్లకీ ఒక విషయం సూటిగా చెప్పాలి. ఇకమీదట భవనం ఒకసారి చూసి మొత్తం ఖర్చు, గడువు చెప్పం. కాంక్రీటు పరీక్షల రిపోర్టు మీ చేతికి వచ్చాకే ఎస్టిమేటు ఇస్తాం. దీనివల్ల పని ఆలస్యంగా మొదలవుతుంది. అయినా ఇదే సరైన పద్ధతని మా నమ్మకం.

కారణం కాంక్రీటులో ఉంది. ఈ భవనాల్లో బాల్కనీ అంచులు, సజ్జాలు చాలా పల్చగా ఉంటాయి. వాటి అందమంతా ఆ పలుచదనమే. కానీ లోపలి ఇనుప చువ్వలను కప్పి ఉంచే కాంక్రీటు పొర, అంటే కవరు, కూడా చాలాచోట్ల తక్కువే. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి లోపలికి చేరి కాంక్రీటు క్షారగుణాన్ని తగ్గిస్తుంది. చువ్వకు తుప్పు పట్టకుండా కాపాడేది ఆ గుణమే. అది పోయాక చెమ్మ తగిలితే చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, పైన పెచ్చులు ఊడతాయి. ఊడినచోట మాత్రమే పూత పూసి రంగు వేస్తే కొన్నాళ్లు బాగానే కనిపిస్తుంది, ఆలోగా ఆ పక్కనే తుప్పు మొదలవుతుంది. అందుకే సుత్తితో తట్టుకుంటూ వెళ్లి గుల్లగా మోగినచోటల్లా గుర్తు పెడతాం. అప్పుడే విరిచిన కాంక్రీటు మీద ఫినాఫ్తలీన్ అనే పరీక్ష ద్రావణం చల్లితే బాగున్న భాగం గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు తిరగని భాగం ఎంత లోతుందో కొలిస్తే, క్షారగుణం పోవడం చువ్వదాకా వచ్చిందో లేదో తెలుస్తుంది.

వైర్లు దాచడానికి ఆ పల్చటి కాంక్రీటు స్లాబుల్లో గాడి కొట్టమని కూడా దయచేసి అడగొద్దు. ఉన్న కాస్త కవరూ పోతుంది.

స్టీలు కిటికీలు తీసేసి యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్) కిటికీలు పెట్టమంటే మేం ఆ పని తీసుకోం. లావాటి ఫ్రేములొస్తే వెలుతురు తగ్గుతుంది, భవనం ముఖమే మారిపోతుంది. తుప్పు తీసి, కీళ్లు సరిచేసి, సందులు మూసే సీలు వేస్తే పాత చట్రాలు ఇంకా చాలాకాలం పనిచేస్తాయి. చలికి, చప్పుడుకి లోపలివైపు ఇంకో అద్దం బిగిస్తాం. కిటికీలు బిగుతైతే తేమ బయటికి పోదు కాబట్టి వంటగదికి, బాత్రూముకి ఎగ్జాస్టు తప్పనిసరి.

వంటగదుల విషయంలో మాత్రం మీ మాటే మా మాట. లండన్‌లో 1934లో కట్టిన ఐసోకాన్ ఫ్లాట్లలో కింద ఉమ్మడి వంటశాల ఉండేది గనుక ఇళ్లలో చాలా చిన్న వంటగదులే పెట్టారు. ఆ కాలపు జీవితం వేరు. బరువు మోయని అడ్డుగోడ తీసి వంటగది పెంచుకోవడంలో తప్పేం లేదు.

పని జరిగేటప్పుడు ఇల్లు ఖాళీ చేయాలా అని చాలామంది అడుగుతున్నారు. ఫ్రాన్స్‌లో బోర్డో నగరంలోని గ్రాండ్ పార్క్‌లో 530 ఫ్లాట్లను జనం అందులో ఉంటుండగానే మార్చారు, 2019లో దానికి భవన నిర్మాణ కళకు ఇచ్చే యూరప్ మీస్ అవార్డు వచ్చింది. అక్కడ బయటి ముఖాన్నే మార్చారు, మనం ఇక్కడ దాని రూపం మార్చం. అయినా జనాన్ని కదిలించకుండా పని చేయొచ్చని అది చూపించింది. మేమూ ఒక్కో గదిగానే చేస్తాం.

మేం వచ్చేలోపు కిటికీల పాత రంగు మీరే గీకకండి. అందులో సీసం ఉండొచ్చు, ఆ పొడి పిల్లలకు ప్రమాదం.